హారం

జిల్లా ఆఫీసు నుంచి కాగితం వచ్చింది.
ఏ పరిశ్రమలో నూటికి ఎందరు గాయపడ్డారు,
ఎందరికి జబ్బు చేసింది,
శుక్రవారం సాయంత్రంలోగా నింపి పంపాలట.
డాక్టరుగారు తెచ్చి నా బల్ల మీద పడేశారు.
"ఇరవై మూడేళ్ళుగా కొత్తపేటలో కట్లు కడుతున్నావు కదయ్యా,
నీకంటే ఎవడికి తెలుసు?"

ముందు తేలికైన వరస నింపాను.
ఆసుపత్రులు: సున్నా.

మిగతావి కూడా తెలుసు నాకు.
గడప దాటక ముందే తెలుస్తుంది వచ్చేవాడి పని.
చెవి మడతలో ఊక ఉంటే మండపేట మిల్లు.
మాటకి ముందు దగ్గొస్తే అంబాజీపేట పీచు.
అరచేతిలో అడ్డంగా తెగితే కొబ్బరి ఒలుపు,
బ్రహ్మ రాయని గీత, గునపం గీసింది.

రొయ్యల షెడ్డు ఆడవాళ్ళకి నెత్తురు కనబడదు.
గోళ్ళ మూలలు తెల్లగా నాని,
వేలి చివర ముద్రలు అరిగిపోయి ఉంటాయి.
నేలపూడి సలోమి రేషన్ డిపోలో మూడుసార్లు వేలు పెడితే
మూడుసార్లూ మిషను ఆమెని ఆమె కాదంది.
ఇది గాయమా, జబ్బా?
కాగితంలో రెండే గడులు.

రైసు మిల్లు వాళ్ళే లెక్క రాసిచ్చారు:
పనివాళ్ళు నలభై, ప్రమాదాలు లేవు.
బెల్టులో మోచేయి దాకా పోయిన చిట్టిబాబు
ఆరోజు పనివాడు కాదట,
ఊరికే చూడ్డానికి వచ్చాడట.
తెల్లారగట్ల నాలుగింటికి
మిల్లు చూడ్డానికి!

ఇటుక బట్టీ దగ్గర కలం ఆగింది.
సుక్రు, ఒరిస్సా కుర్రాడు, కాలిన పాదంతో వచ్చినప్పుడు
ఆధార్ లేదని మేస్త్రి తన పేరు రాయించాడు.
మేస్త్రి ఇప్పటికీ బూట్లేసుకుని తిరుగుతాడు.
రిజిస్టరులో పాదం ఆయనదే.

ఇక దింపు.
వాసంశెట్టి ధనరాజు, రోజుకి యాభై చెట్లు,
మొలలో కత్తి, కాళ్ళకి బంధం.
వానకి పాచిపట్టిన మాను మీంచి జారితే
తోట రైతు ఆటోలో పడుకోబెట్టి, కిరాయిచ్చి,
వెనక్కెళ్ళిపోయాడు. మంచివాడే.
రాశి లెక్కెట్టించుకోవాలి మరి.
సోమవారం ఒకరి తోట, మంగళవారం ఇంకొకరిది,
చెట్టుకింతని కూలి.
యజమాని పేరు అన్నచోట
ఏం రాయను, చెట్టనా?

నూటికి ఎందరో తేలాలంటే
పైన లవం, కింద హారం ఉండాలంది
ఏడో తరగతి చదివే మా అమ్మాయి.
లవం నా దగ్గరుంది, కట్టిన ప్రతి కట్టూ గుర్తే.
లంకల్లో, కాలవ గట్ల మీద
చెట్లెక్కేవాళ్ళు మొత్తం ఎందరు?
కాయలెన్నో చెప్పే యార్డు గుమాస్తా
నన్ను చూసి నవ్వాడు.
నాకు దొరికిన హారం ఒక్కటే,
ధనరాజు ఫోటోకి వేసింది.
బంతిపూలది, కడియం నుంచి తెచ్చారు.
ఆ పూలమడిలో మందు కొట్టే మనిషి
పోయిన వారమే వచ్చాడు,
కళ్ళు మసకలంటూ.

శుక్రవారం నాలుగైంది.
చివర 'ఇతరములు' అని ఒక గడి, అగ్గిపెట్టెంత.
అందులో సన్నక్షరాలతో పేర్లు మొదలెట్టాను.
అంచు దాటాయి. కాగితం తిప్పి వెనక రాశాను.
ఆఫీసువాళ్ళు ఫోన్లో అన్నారు,
"అంకెలు చాలండి. పేర్లకి చోటు లేదు."

బయట బెంచీ మీద ఎవరో దగ్గుతున్నారు.
పీచు, అనుకున్నాను తలెత్తకుండానే.
కాదు. మా స్వీపరు కుమారి.
చీకటి పడ్డాక నేను విప్పేసిన కట్లన్నీ పోగేసి
ఆసుపత్రి వెనక కాల్చేది ఆమే,
తొమ్మిదేళ్ళుగా, కొంగు అడ్డం పెట్టుకుని.

కాగితం మళ్ళీ ముందుకి తిప్పాను.
మొదటి వరసలో సున్నా
గుండ్రంగా, అందంగా ఉంది.
నా చేతిరాతే.